ట్రెజరీలో ఉండే సగం

నేను పీపీవోని, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వుని. ప్రభుత్వ ఉద్యోగి రిటైరైనప్పుడు ఏజీ ఆఫీసు నన్ను రెండు భాగాలుగా జారీ చేస్తుంది. ఒక సగం పెన్షనర్ చేతికి వెళ్లి ఇంట్లో బీరువాలో ఉంటుంది. రెండో సగం డబ్బు చెల్లించే ట్రెజరీకి వస్తుంది. నేను నందికొట్కూరు సబ్‌ట్రెజరీకి వచ్చిన సగాన్ని. నా మొదటి పేజీలో భార్యాభర్తల జంట ఫొటో, పుట్టుమచ్చల వివరం, వేలిముద్రలు, సంతకాల నమూనాలు ఉంటాయి. ఆ తర్వాత పుట్టిన తేదీ, రిటైరైన తేదీ, చివరి జీతం, లెక్కకొచ్చే సర్వీసు, వాటిని బట్టి తేలిన పెన్షన్. కమ్యుటేషన్ కింద ఎంత భాగాన్ని ముందుగా ఒకేసారి తీసుకున్నారు, అందుకని నెలనెలా ఎంత తగ్గుతుంది, 15 ఏళ్ల తర్వాత ఆ తగ్గిన భాగం ఏ తేదీ నుంచి తిరిగి కలుస్తుంది అన్నదీ రాసి ఉంటుంది. మనిషి పోయాక జీవిత భాగస్వామికి ఇవ్వాల్సిన ఫ్యామిలీ పెన్షన్ ఎంతో మనిషి ఉండగానే నా మీద ఎక్కుతుంది. అన్నీ ఉన్న నా పేజీల్లో ఒక్క గడి లేదు. ఈ పుస్తకం పుట్టిన రోజున ప్రభుత్వం నెత్తికెత్తుకున్న మొత్తం బాధ్యత ఎంత అన్న గడి. నా మీద లేని ఆ అంకె ట్రెజరీలో మరెక్కడా లేదు, ఆర్థిక శాఖ ఏటా శాసనసభకు ఇచ్చే పద్దుల్లోనూ లేదు. అదే నా ఫిర్యాదు. నాలాంటి పుస్తకాలన్నిటి తరఫునా ఈ ఒక్క విషయమే చెప్పదలచుకున్నాను.

సభకు కనిపించేది ఏమిటో ముందు చూద్దాం. నా పేజీల మీద చెల్లించే ప్రతి రూపాయీ 2071 అనే పద్దు కింద ఖర్చు రాస్తారు. పెన్షన్లు, ఇతర రిటైర్మెంట్ ప్రయోజనాల పద్దు అది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పద్దు ఏటా 20 వేల కోట్ల రూపాయలు దాటిపోయింది. జీతాలు, వడ్డీలు, పెన్షన్లు అన్న మూడింటినీ కలిపి తప్పనిసరి ఖర్చు అంటారు. కొత్త ప్రభుత్వం ఎవరిది వచ్చినా మొదటి రోజున ఆ డబ్బు పక్కన పెట్టాకే మిగతా బడ్జెట్ గురించి ఆలోచించాలి. హైకోర్టు జడ్జీల పెన్షన్ నేరుగా భారత సంచిత నిధి మీద పడుతుంది, దానిపై ఓటింగు ఉండదు. కానీ టీచర్, తహసీల్దార్, కానిస్టేబుల్, నర్సు తీసుకునే పెన్షన్‌కు సభ ఓటు వేయాల్సిందే. రాజ్యాంగంలోని 203వ అధికరణం సభకిచ్చిన హక్కు అది. కాగితం మీద గొప్ప హక్కే. రాష్ట్ర బడ్జెట్‌లో 40 డిమాండ్లుంటాయి, సభ నడిచే రోజులు కొద్ది. చివరి రోజున చర్చకు రాని డిమాండ్లన్నిటినీ ఒక్క గుక్కలో ఆమోదించేస్తారు. పెన్షన్ పద్దు మీద సభ గంటసేపు కూర్చుని వాదించినా, ఆ ఏడాది ఇవ్వాల్సిన దానిలో ఒక్క రూపాయి తగ్గించలేదన్నది మరింత లోతైన సమస్య. ఆ మొత్తం ఎప్పుడో ముప్పయ్యేళ్ల కిందట ఉద్యోగంలోకి తీసుకున్న రోజునే ఖరారైంది. కేసీ కాలువకు సుంకేసుల దగ్గర గేటు ఎత్తేవాళ్లను అడగకుండా, చివరి ఆయకట్టు పొలం గట్టున నిలబడి ఎన్ని నీళ్లొచ్చాయో కొలిచినట్టుగా ఉంటుంది ఈ పరిశీలన. ఆ కొలత అవసరమే, కానీ గేటు ఎత్తేటప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు.

మన ప్రభుత్వాల లెక్క నగదు లెక్క. డబ్బు చేతి నుంచి బయటికి వెళ్లిన నాడే ఖర్చు రాస్తారు. రాబోయే ఏళ్లలో వెళ్లక తప్పని డబ్బు ఎంత ఉన్నా అది ఖర్చు పద్దులోకి రాదు. మామూలు కొనుగోళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది. పెన్షన్ దగ్గరికొచ్చేసరికి అది సభను తప్పుదారి పట్టిస్తుంది. 2022 జనవరి 1 నుంచి రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62 అయింది. ఆ రెండేళ్లలో ఇంటికి వెళ్లాల్సినవాళ్లు వెళ్లలేదు కాబట్టి వాళ్ల గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు బయటికి రాలేదు, నాలాంటి కొత్త పుస్తకాలు దాదాపుగా పుట్టలేదు. నగదు పుస్తకం ప్రకారం అది పొదుపు. అసలు లెక్క అలా ఉండదు. మరో రెండేళ్ల ఇంక్రిమెంట్లతో పెరిగిన చివరి జీతం మీద, పెరిగిన సర్వీసు మీద ఆ మొత్తాలే తర్వాత చెల్లించాలి. పెన్షన్ అందుకునే ఏళ్లు రెండు తగ్గుతాయి కాబట్టి కొంత నిజంగానే మిగలవచ్చు కూడా. మిగిలిందా, పెరిగిందా, ఎంత? సమాధానం నిర్ణయం తీసుకునేముందు సభకు అందాలి. అందలేదనే నేనంటాను, ఎందుకంటే ఆ నిర్ణయం ముందుగా ఆర్డినెన్సుగా వచ్చింది.

దానికంటే పెద్ద ఉదాహరణ సీపీఎస్, అంటే కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లకు నాలాంటి పుస్తకం లేదు. జీతంలో 10 శాతం కోత, ప్రభుత్వం అంతే మొత్తం జమ, రిటైరయ్యాక ఆ నిధి మీద వచ్చినంత. అంతకుముందు చేరినవాళ్లకు పాత పద్ధతి అలాగే ఉంది. 2004 ఆగస్టులో 24 ఏళ్ల వయసులో చేరిన వ్యక్తి 2042లో రిటైరవుతాడు. అతనూ, ఆపైన అతని జీవిత భాగస్వామీ నా పేజీల మీద డబ్బు తీసుకునేది 2060 దాటి, కొన్ని ఇళ్లలో 2070 దాకా. అంటే ఇప్పటి నుంచి మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వం రెండు చేతులతో చెల్లిస్తుంది. పాతవాళ్లకు నేరుగా పెన్షన్, కొత్తవాళ్లకు ముందుగానే నిధిలో వాటా. ఏ ఆర్థిక మంత్రికైనా ఇది కష్టమైన కాలమే. ఇప్పుడు ఆ ప్రభుత్వం సీపీఎస్ రద్దు చేసి పాత పద్ధతికి వెళ్తే ఏమవుతుంది? రేపటి నుంచి వాటా జమ చేయనక్కర్లేదు. నగదు పుస్తకం వెంటనే తేలికపడుతుంది. రాజస్థాన్ 2022లో ఆ దారి పట్టింది, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్‌ప్రదేశ్ వెనకాలే నడిచాయి. అయితే అన్ని రాష్ట్రాలూ పాత పద్ధతికి తిరిగివెళ్తే మొత్తం భారం కొత్త పద్ధతి భారానికి దాదాపు నాలుగున్నర రెట్లు కావచ్చని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబర్ బులెటిన్‌లో ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఆ అంచనాలోని ఊహల మీద వాదించవచ్చు, వాదించాలి కూడా. కానీ ఒకే నిర్ణయం ఒక పుస్తకంలో లాభంగా, మరో పుస్తకంలో అన్ని రెట్ల భారంగా కనిపిస్తున్నప్పుడు సభ బల్ల మీద మొదటి పుస్తకం ఒక్కటే ఉండడం ఘోరమైన లోపం. ఉద్యోగులకు అది మేలు చేస్తుందనుకోవడమూ పొరపాటే. లెక్కలో లేని బాధ్యతకు నిధి ఉండదు, నిధి లేని హామీ మొదటి కష్టకాలంలోనే బేరానికి వస్తుంది.

ఎన్నికల హామీగా సీపీఎస్ రద్దు, దాని బదులు 2023 సెప్టెంబర్‌లో సభ ఆమోదించిన జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్ పథకం) బిల్లు, కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ పథకం), ఈ మూడూ గత కొన్నేళ్లలో మన ఉద్యోగుల నోళ్లలో నానినవే. జీపీఎస్ చివరి మూలవేతనంలో సగానికి హామీ ఇచ్చింది. యూపీఎస్ 25 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం ఇస్తుంది, అందుకు కేంద్రం తన వాటాను 18.5 శాతానికి పెంచుకుంది. ఈ పథకాల్లో ఏది మంచిదో తేల్చడం నా పని కాదు. హామీ రకం ఏదైనా, సగానికి గ్యారంటీ అన్న మాట సభలో పలికిన రోజే దాని వెల పుడుతుంది. బిల్లు పెట్టిన మంత్రి తన ప్రసంగంలో కొన్ని అంచనాలు చెప్పడంతో ఆ వెల తేలినట్టు కాదు. ప్రభుత్వం చేతిలో లేని ఒక గణకుడు లెక్క కట్టి, ఏటా దాన్ని సరిచేసి, సభ ముందు ఉంచితేనే తేలుతుంది.

ఈ బాధ్యత అసలు లెక్కకు అందేది కాదని అనేవాళ్లున్నారు. మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో, డీఏ ఎంత పెరుగుతుందో, తర్వాతి పీఆర్సీ (వేతన సవరణ సంఘం) ఎంత ఫిట్‌మెంట్, అంటే జీతంలో పెంపు, ఇస్తుందో ఎవరు చెప్పగలరని వారి ప్రశ్న. ఒక మనిషి సంగతి ఎవరూ చెప్పలేరు, నిజమే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ట్రెజరీ మెట్లెక్కే పెద్దవాళ్లలో వచ్చే ఏడాది ఎవరు వస్తారో నేను చెప్పలేను. లక్షల మంది సంగతి మాత్రం చెప్పవచ్చు, ఎల్ఐసీ నడుస్తున్నదే ఆ లెక్క మీద. బ్రిటన్‌లో మొత్తం ప్రభుత్వ ఖాతాల పేరుతో 2009-10 ఆర్థిక సంవత్సరం నుంచి ఏటా ఒక పుస్తకం అచ్చు వేస్తున్నారు. అందులో టీచర్లు, నర్సులు, సైనికుల పెన్షన్ బాధ్యత లక్ష కోట్ల పౌండ్లకు మించిన అప్పుగా రాసి ఉంటుంది. వడ్డీ రేటు ఊహ మారితే ఆ అంకె భారీగా ఊగుతుంది. అయినా దాన్ని దాచలేదు, ఎందుకు ఊగిందో పార్లమెంటు కమిటీ అధికారులను పిలిచి అడుగుతుంది. ఇక మన దగ్గర రాష్ట్రం విడిపోయినప్పుడు ఈ బాధ్యతకు వాటాలు వేయక తప్పలేదు. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టంలో పెన్షన్ల కోసమే ఎనిమిదో షెడ్యూలు పెట్టారు. ఉమ్మడి రాష్ట్రం నాటి పెన్షన్ భారాన్ని జనాభా నిష్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతంగా పంచారు. పంచుకోగలిగిన దాన్ని లెక్కపెట్టలేమనడం సరికాదు.

లెక్క లేకుండా తీసుకున్న నిర్ణయాల ఫలితం ఎలా ఉంటుందో మన చరిత్రే చెబుతుంది. 1983 ఫిబ్రవరిలో అప్పుడే అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. యువతకు ఉద్యోగాలన్న ఉద్దేశం మంచిదే. వేలమంది ఒక్కసారిగా ఇళ్లకు వెళ్లారు, వాళ్లందరి పెన్షన్లూ మూడేళ్ల ముందే మొదలయ్యాయి. మరుసటి ఏడాదికే వయసు మళ్లీ 58 అయింది. మధ్యలో నలిగిపోయినవారి గోడు సుప్రీంకోర్టుకు చేరి, 1985లో వారికి అనుకూలంగా తేలింది. ఆ ఊగిసలాట వెల రాష్ట్రం మీదే పడింది. బ్రిటన్‌లోనూ 2015లో పెన్షన్ పథకాలను మార్చినప్పుడు వయసులో పెద్దవాళ్లకు పాత పథకం కొనసాగించి చిన్నవాళ్లను కొత్తదానిలోకి నెట్టారు. అది వయసు వివక్ష అని 2018 డిసెంబర్‌లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. సరిదిద్దడానికయ్యే ఖర్చు 1,700 కోట్ల పౌండ్లని అక్కడి ప్రభుత్వమే అంచనా వేసింది. పొదుపు కోసం తెచ్చిన మార్పు అలా ఖర్చుగా తిరిగివచ్చింది.

ఇక అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. పెన్షన్ దానం కాదు, ఎవరి దయా కాదు, చేసిన సేవకు దక్కాల్సిన హక్కు అని 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తేదీని పెన్షనర్ల దినోత్సవంగా ఇప్పటికీ జరుపుకుంటారు. హక్కు అయినప్పుడు దాని మీద సభ పరిశీలన ఏమిటి, ఇదంతా కోతకు ముందుమాట కాదా అని పెన్షనర్ల సంఘాలు అనుమానిస్తాయి. వారి భయం అర్థం లేనిది కాదు. 2022 జనవరిలో పీఆర్సీ ఉత్తర్వులొచ్చినప్పుడు 70 ఏళ్లకు, 75 ఏళ్లకు అదనంగా కలిసే పెన్షన్‌ను మొదట ఎత్తేశారు. ఆందోళన జరిగాక 70 ఏళ్లకు 10 శాతం బదులు 7, 75 ఏళ్లకు 15 బదులు 12 శాతంగా తిరిగి ఇచ్చారు. నా పేజీల్లో ఉన్న జంట ఫొటోల మనుషులకు ఆ మూడు శాతం మందుల డబ్బు. కానీ ఆ కోత పరిశీలన వల్ల రాలేదు, పరిశీలన లేనందువల్ల వచ్చింది. ఉత్తర్వు సచివాలయంలో తయారైంది. బాధ్యత ఎంత, దాన్ని ఎన్నేళ్లలో ఎలా మోయాలి అన్న బహిరంగ చర్చ ముందుగా జరిగి ఉంటే డబ్బు ఎక్కడ చాలడం లేదో అందరికీ తెలిసేది, ముసలివాళ్ల వాటాతోనే సర్దుకోవాలా అని అడగడానికి సభలో ఎవరో ఒకరు ఉండేవారు. హక్కును కాపాడేది దాని వెల తెలిసిన సభే. సీపీఎస్‌లోనూ అంతే. ప్రభుత్వ వాటా సకాలంలో జమ కావడం లేదని కాగ్ నివేదికలు ఎత్తి చూపాయి. ఉద్యోగి జీతంలోంచి కోసిన డబ్బుకు తోడు పడాల్సిన మొత్తం ఆలస్యమైతే పోయేది అతని వృద్ధాప్యమే.

మరో ప్రశ్న ఈ ఊళ్లోనే పుడుతుంది, దాన్ని దాటిపోవడం నాకు చేతకాదు. ఒకటో తారీఖున బ్యాంకుల్లో నా లెక్క ప్రకారం పెన్షన్ పడే వేళకే, గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది ఇంటింటికీ వెళ్లి వృద్ధాప్య పింఛను ఇస్తారు. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. మిడుతూరు, పగిడ్యాల వైపు మెట్ట చేలల్లో నలభై ఏళ్లు ఒళ్లు వంచిన కూలికి ఆ నాలుగు వేలే దిక్కు. పోతిరెడ్డిపాడు, మల్యాల, ముచ్చుమర్రి నుంచి కృష్ణా నీళ్లు పక్కనే పారుతున్నా బోరు మీదా వాన మీదా బతికే చేలు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. పన్నుల డబ్బుతో కొద్దిమందికి అంత పెన్షన్ ఎందుకని ఆ కూలి అడిగితే తప్పు కాదు. నేను చెప్పగలిగే జవాబు ఇది. రిటైరైన టీచర్ పెన్షన్ తగ్గిస్తే ఆ కూలి పింఛను పెరుగుతుందన్న హామీ ఎక్కడా లేదు. కూలి పింఛనుకు కోర్టు రక్షణ అంతగా లేదు, ఏటా బడ్జెట్ మీద ఆధారపడి ఉంటుంది. అందుకే తప్పనిసరి బాధ్యత ఎంతో ముందుగా తెలియకపోతే మొదట దెబ్బ తినేది ఆ పింఛనే, కాలువ పనులే, బడి గోడలే. పెన్షన్ భారం అదుపు లేకుండా పెరగకూడదని టీచర్ కన్నా కూలికే ఎక్కువ అవసరం. మాజీ ఎమ్మెల్యేల పెన్షన్ కూడా రాష్ట్ర సంచిత నిధిలోంచే వస్తుందనీ, ఎన్ని పర్యాయాలు గెలిచినా ఒక్క పెన్షనే అని పంజాబ్ 2022లో చట్టం చేసిందనీ అతను గుర్తు చేస్తే అదీ న్యాయమే.

మరి ఈ ప్రశ్నలు అడగాల్సింది ఎవరు? ప్రజాపద్దుల కమిటీ, పీఏసీ. బ్రిటన్‌లో 1861లో, భారత్‌లో 1921లో మొదలైన ఏర్పాటు అది. లోక్‌సభ కమిటీకి ప్రతిపక్ష సభ్యుణ్ణి ఛైర్మన్ చేయడం 1967 నుంచి సంప్రదాయం. ఈ విషయంలో రాయలసీమకు ప్రత్యేకమైన అనుభవం ఉంది. విభజన తర్వాత మన రాష్ట్ర పీఏసీకి మొదట నంద్యాల ఎమ్మెల్యే భూమా నాగిరెడ్డి, తర్వాత డోన్ ఎమ్మెల్యే బుగ్గన రాజేంద్రనాథ్, 2019 తర్వాత ఉరవకొండ ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్ ఛైర్మన్లయ్యారు. ముగ్గురూ ఆ పదవి చేపట్టేనాటికి ప్రతిపక్షంవారే. వారిలో ఇద్దరు ఆ తర్వాత ఆర్థిక మంత్రులయ్యారు. 2021 జులైలో కేశవ్ దాదాపు 41 వేల కోట్ల రూపాయల చెల్లింపులకు సరైన బిల్లులు, వోచర్లు లేవని గవర్నర్‌కు ఫిర్యాదు చేశారు. అవి పద్దుల సర్దుబాటేనని బుగ్గన మంత్రిగా ఉన్న ఆర్థిక శాఖ జవాబిచ్చింది. ఎవరి మాట నిజమన్నది పక్కన పెడితే, అంత పెద్ద మొత్తం గురించి బయటికి గట్టిగా అడిగినది ఆ కుర్చీలోని మనిషే. 2024 ఎన్నికల తర్వాత ప్రతిపక్షానికి 11 స్థానాలే మిగిలాయి, కమిటీలో ఒక్క సభ్యుణ్ణి గెలిపించుకునే బలం లేకపోయింది. నవంబర్‌లో ఆ పార్టీ ఓటింగును బహిష్కరించగా, అధికార కూటమిలోని జనసేనకు చెందిన భీమవరం ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు ఛైర్మన్ అయ్యారు. సంఖ్యాబలం ప్రకారం అది నిబంధనే. కానీ లెక్క అడిగేవారూ లెక్క చెప్పేవారూ ఒకే కూటమిలో ఉన్నప్పుడు కాగ్ నివేదిక ఎంత పదునుగా ఉన్నా సభలో దానికి గొంతు సన్నబడుతుంది. ఇది వ్యక్తుల నిజాయితీకి సంబంధించిన ప్రశ్న కాదు. అందుకే లెక్క సభకు చేరడం ఛైర్మన్ పట్టుదల మీద ఆధారపడకూడదు, చట్టమే దాన్ని తప్పనిసరి చేయాలి.

ఇక్కడికి 30 కిలోమీటర్ల దూరంలోని కర్నూలులో, 1953 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్ర శాసనసభ కూర్చుంది. మద్య నిషేధం మీద వాదించి 1954 నవంబర్‌లో ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వాన్ని దించేసిన సభ అది. దించడం మంచిదా కాదా అన్నది వేరు, ఖజానాకు ఆదాయం తగ్గించే ఒక విధానం గురించి పట్టుబట్టి అడగగలిగిన సభ మన నేల మీదే ఉండేది. నేను కోరేది ప్రభుత్వాలు పడిపోవాలని కాదు. రాష్ట్ర ద్రవ్య బాధ్యత చట్టంలో ఒక నిబంధన చేరాలి. బడ్జెట్‌తో పాటు ఏటా పెన్షన్ బాధ్యత పత్రం సభ ముందుకు రావాలి. పాత పద్ధతి వారికి ఇవ్వాల్సిన మొత్తం నేటి విలువలో ఎంత, సీపీఎస్ వాటాలో బకాయి ఎంత, వచ్చే ఇరవై ఏళ్లలో ఏ సంవత్సరంలో ఎంత నగదు కావాలి అన్నవి అందులో ఉండాలి. వయసు పెంచినా, పథకం మార్చినా, ఫిట్‌మెంట్ ఇచ్చినా ఆ పత్రంలో ఏ అంకె ఎంత మారుతుందో బిల్లుకు జతచేయాలి, ఆర్డినెన్సు అయితే ఆర్డినెన్సుకే. పీఏసీ ఆ పత్రాన్ని కాగ్ సమీక్షతో కలిపి చూడాలి. కావలసిన సమాచారం కోసం కొత్తగా ఎవరినీ వేధించనక్కర్లేదు. పుట్టిన తేదీ, చివరి జీతం, సర్వీసు, కమ్యుటేషన్ తిరిగి కలిసే తేదీ, జీవిత భాగస్వామి వయసు, అన్నీ నందికొట్కూరు సబ్‌ట్రెజరీలోనూ రాష్ట్రంలోని ప్రతి ట్రెజరీలోనూ నాలాంటి పుస్తకాల్లో, వాటి నుంచి కంప్యూటర్లలోకి ఎక్కించిన జాబితాల్లో ఇప్పటికే ఉన్నాయి. కూడిక వేయమని ఆర్థిక శాఖ ఆదేశిస్తే చాలు.